ఊడవని నేల

మనిషి ఊరెళ్ళి క్షేమంగా చేరేదాకా ఇల్లు ఊడవకూడదని గౌరికి వాళ్ళమ్మ చెప్పేది. కానీ విమానాశ్రయంలో గౌరి ఉద్యోగమే ఊడవడం. దూరదేశాల విమానం లేవగానే హాలు ఊడ్చెయ్యాలి. నిరుడు మొగుడు అప్పలసూరి ఆఫ్రికాలో చేపల ఓడ మీద పనికి వెళ్ళిన రాత్రి కూడా అతని అడుగుల మీదే చీపురు వేసింది. ఆ తర్వాత ఒక్క ఫోనూ రాలేదు.

ఈ రాత్రి కూడా విమానం లేచింది. చీపురు ఎత్తబోయి గౌరి ఆగిపోయింది.

చెప్పుల గుర్తులన్నీ గేటు వైపు వెళ్తున్నాయి. తడి పాదాల గుర్తులు మాత్రం గేటులోంచి లోపలికి వచ్చి, హాలు మధ్యలో ఆగాయి. ఎడమ పాదానికి చిటికెన వేలు లేదు. వల తాడు బిగుసుకుని అప్పలసూరికి తెగిన వేలు అది. ఉప్పునీటి వాసన వేసింది.

"ఏటి గౌరీ, ఇంకా ఊడ్సనేదా?" బయటి నుంచి సూపర్‌వైజరు సుహాసిని అడిగింది.

"ఉండమ్మా. ఎల్లిన మనిషి ఇంకా సేరనేదు."

గౌరి చీపురును గోడకు ఆనించి, ఆ పాదాలకు ఎదురుగా నేల మీద కూచుంది.

"రా బావా," అంది మెల్లగా. "ఈసారి ఊడ్సను."

తర్వాత ఆమెకు దగ్గరగా ఇంకో అడుగు మేర నేల తడిసింది.