పాస్‌వర్డ్, పోపుల డబ్బా

"ఇయ్యాల్టి నుంచి పెద్దరికం నీదే క్రాంతీ. నేను దిగిపోయిన," అన్నాడు రాఘవ్. కంప్యూటర్‌కు తెలుగు నేర్పే పనిని జీతం లేకుండా చేస్తున్న స్నేహితులంతా చప్పట్లు కొట్టారు.

"మరి పాస్‌వర్డ్ అన్నా?" అన్నాడు క్రాంతి.

"అది నా దగ్గరుంటది తీయ్. నువ్వు చేసింది నాకు చూపెట్టు, నేనే నెట్‌ల ఎక్కిస్త."

"మొన్న నువ్వు ఊరికి పోతే పనంతా ఆగింది. మళ్ల గట్లనే అయితే మేం గూడ మానుకుంటం అన్నా."

చాయ్ తెచ్చిన రాఘవ్ భార్య నళినికి నవ్వు ఆగలేదు. "అత్తమ్మ గూడ నాకు వంటిల్లు గిట్లనే అప్పజెప్పిండ్రు. పోపుల డబ్బా మాత్రం ఆమె మంచం కింద!"

అనేశాక నళిని నాలుక కరుచుకుంది. మూలన కూర్చున్న అత్తగారు వకుళమ్మ లేచి లోపలికి వెళ్లింది. డబ్బా తెచ్చి కోడలి చేతిలో పెట్టి, కొడుకు వైపు తిరిగింది.

"నేనిచ్చిన. ఇగ నీ వంతు బిడ్డా."

రాఘవ్ చెవులు ఎర్రబడ్డాయి. పాస్‌వర్డ్ రాసి క్రాంతికిచ్చి, తల్లి వెంట బయటి అరుగు మీదికి నడిచాడు.

నళిని పోపు వేసింది. కిటికీలోంచి అత్తగారి గొంతు వినిపించింది: "ఇంగువ ఎక్కువేసింది, చెప్పొస్త."

"కూసో అమ్మా," అన్నాడు రాఘవ్ ఆమె కొంగు పట్టుకుని, మెడ మాత్రం ముందుగదిలోని లావుపాటి మానిటర్ వైపు సాచి.