తర్వాత వచ్చి చేరిన అక్షరం

"గడియ పెట్టుకోకురా అర్జున్! లోపల నీకేమన్నా అయితే నాకెలా తెలుస్తుంది?" అంది మాణిక్యాంబ.

"కుఛ్ నహీ హోగా మమ్మీ," ఏమీ కాదని హిందీలో అంటూనే కొడుకు గడియ పెట్టుకున్నాడు. ఢిల్లీలో పుట్టిన పిల్లాడు. తెలుగు అర్థమవుతుంది గానీ నోట ఒక్క ముక్క పలకడు. పరీక్ష పోయినప్పటి నుంచి ఆ గదే లోకమైపోయింది. వాడి గొంతు వింటే చాలని, వాడు పరీక్ష కోసం చీటీల మీద రాసి ఫ్రిజ్‌కి అంటించుకున్న ఇంగ్లీషు మాటల్ని రోజూ తలుపు బయట నిలబడి అప్పజెప్పించుకునేది.

ఆ రాత్రి వాళ్ళుండే మయూర్ విహార్‌లో కరెంటు పోయింది. ఫోను వెలుగులో చీటీ చూసి కూడబలుక్కుంది.

"ఏ, ఎఫ్, ఎఫ్, ఆర్, ఐ, జి, హెచ్, టి. అర్థం చెప్పు నాన్నా."

"అఫ్రైట్. డర్, మమ్మీ."

భయానికి పాత ఇంగ్లీషు మాటట. మొదట్లో దానికి ఒక్క ఎఫ్ఫే ఉండేదని, రెండోది లాటిన్ మాటల్ని చూసి తర్వాత వచ్చి చేరిందని హిందీలోనే చెప్పాడు.

"ఎవరు పిలిచార్రా దాన్ని?" అంది నవ్వించబోయి.

లోపల మంచం కిర్రుమంది. కాసేపాగి మళ్ళీ కిర్రుమంది, పక్కన ఇంకొకరు కూర్చున్నట్టు.

"అర్జున్!" తలుపు బాదింది. "ఒక్క మాట పలకరా, తిట్టినా సరే."

పక్కింటి ఇన్వర్టరు హోరులోనే చెవి తలుపుకి ఆనించింది. ఆమె అరచేతులు తలుపుకే అతుక్కుపోయాయి.

చాలాసేపటికి, సరిగ్గా గడియ దగ్గర నుంచి, కొడుకు గొంతే పలికింది. ఆమె పుట్టింటి గోదావరి తెలుగులో పలికింది.

"బయపడకే అమ్మా. మేవిద్దరం ఇక్కడే ఉన్నాం గదా."