ఎడమ మూల

రివర్స్ గేరు వేయగానే కారు మళ్లీ కుయ్‌కుయ్‌మంది. మెకానిక్ వెనక్కి వెళ్లి చూశాడు. ఖాళీ నేల తప్ప ఏమీ లేదు.

"ఎడమ మూలే కదా?" అన్నాను. "మా ఆయన అక్కడే నిలబడి నాకు రివర్స్ చెప్పేవారు. పోయినప్పటినుంచీ ఇదే వరస."

"ఊరుకో అమ్మా," అంది పక్క సీట్లోంచి నా కూతురు. "నాన్నయితే ఇంత మెల్లగా అరుస్తాడా?"

మెకానిక్ బంపర్‌లోని పార్కింగ్ సెన్సర్ల మీద ఒక్కొక్కటిగా వేలు ఆనించాడు. "అన్నీ బతికే ఉన్నాయమ్మా." తర్వాత ఎడమవైపుది ఊడదీశాడు. "ఇది మాత్రం కొత్తది. ఎవరు బిగించారు?"

"ఆయనే. ఆస్పత్రికి వెళ్లే ముందురోజు."

"తలకిందులుగా పెట్టారు. నేలను చూసి మనిషనుకుంటోంది."

"నాన్న పనంటే అంతేగా!" కూతురు పకపకా నవ్వింది. నేనూ నవ్వాను, కళ్లలో నీళ్లు తిరిగేదాకా.

అతను దాన్ని సరిగ్గా తిప్పి బిగించాడు. మళ్లీ రివర్స్ వేశాను. కారు కిక్కురుమనలేదు. చెవులు రిక్కించి కూర్చున్నాను. బ్రేకు మీంచి కాలు లేవలేదు.

"రండమ్మా, భయం లేదు," అంటూ మెకానిక్ పక్కనుంచి చెయ్యి ఊపాడు. "వెనక ఎవరూ లేరు."

పరామర్శకు ఎంతమందో వచ్చారు. ఆ మాట మాత్రం నాతో ఎవరూ అనలేదు.

మెల్లగా కాలు తీశాను.