పాత బోర్డు వెనక

మా శాలిబండ ఇంట్లో కొత్త కరెంటు బోర్డు పెట్టే పని చీకటి పడినా తెమలలేదు. రాత్రికి నన్ను జల్‌పల్లిలోని తన ఇంటికి తీసుకుపోవాలని నా కూతురు యాస్మీన్ సంచి సర్దుతోంది. మందులు, నమాజుకు పరుచుకునే జానిమాజ్, రెండు చీరలు పెట్టింది.

"మీ అబ్బా వస్తే తలుపు తీసేదెవరు?" అన్నాను.

"ఇరవై ఏండ్ల సంది గిదే మాట, అమ్మీ. వస్తే పక్కింటోళ్ళు చెప్పరా ఏంది?"

వరండాలో ఎలక్ట్రీషియన్ తౌఫీఖ్ టార్చి వెలుగులో పాత చెక్క బోర్డు ఊడదీస్తున్నాడు.

"బిగించినోడు ఉస్తాదే, ఖాలా. ఒక్క స్క్రూ కదుల్తలేదు."

బిగించింది మా ఆయన బాబూమియా. బీదర్ ప్రయాణానికి ముందురోజు బిగించారు. ఆ తర్వాత దాన్ని ఎవరూ విప్పలేదు.

బోర్డు ఊడింది. దాని వెనక నుంచి పచ్చ గుడ్డ ఒకటి జారి నేల మీద పడింది.

అది ఇమామ్ జామిన్, ప్రయాణంలో రక్షగా కట్టే గుడ్డ. బయలుదేరే రోజు పొద్దున నాణెం ముడివేసి, నేనే ఆయన భుజానికి కట్టాను. క్షేమంగా ఇల్లు చేరాకే దాన్ని విప్పాలి.

చేతిలోకి తీసుకున్నాను. చెమటకు తడిసి వెచ్చగా ఉంది.

తౌఫీఖ్ కూడా తాకి చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "మెయిన్ బంద్ చేసి మూడు గంటలాయె, ఖాలా. గీ వేడి యాడికెళ్ళి వచ్చింది?"

నేను సంచిలోంచి చీరలు తీసి అలమారలో పెట్టాను. యాస్మీన్ మందులు కూడా బయటికి తీసింది.

బాబూమియా 2004 ఫిబ్రవరి 9, సోమవారం పొద్దున బీదర్‌లో పెళ్ళి లైట్ల పనికి వెళ్ళారు. తిరిగి రాలేదు.