ఫెర్మిన్ దుకాణం ఎవరిది?

"మళ్లీ మూత తీశావా అన్నయ్యా!" కళ్లు నులుముకుంటూ అరిచింది యులాలియా.

"ఉడికిందో లేదో చూడొద్దూ?" అన్నాడు నికనోర్. పొగకి అతని కళ్లు కూడా చింతనిప్పుల్లా ఉన్నాయి.

తండ్రి ఫెర్మిన్ బతికుంటే వీపు విమానం మోత మోగించేవాడు. బ్రిస్కెట్ అంటే ఆవు రొమ్ముభాగం, మహా మొండి మాంసం. ఉప్పూ మిరియాలూ పట్టించి, మూత పెట్టిన పొయ్యిలో ఎండిన ఓక్ కట్టెల సెగకి పన్నెండు గంటలు వదిలేయాలి. మూత తీసిన ప్రతిసారీ వేడి పోతుంది. టెక్సస్‌లో, ఆ ఊళ్లో, ఈ సంగతి చంటిపిల్లలకి కూడా తెలుసు.

పోయేముందు ఫెర్మిన్ ఒకటే మాట తీసుకున్నాడు. ఈ కాల్చిన మాంసాల దుకాణం అమ్మకూడదు, మూయకూడదు. ఇద్దరూ చెరో పొయ్యి మీద చెరో బ్రిస్కెట్ వండాలి. ఎవరిది బాగుంటే దుకాణం వాళ్లది. రెండోవాళ్లు తమ దారి తాము చూసుకోవాలి. తీర్పు చెప్పేది, నలభై ఏళ్లుగా వాళ్లకి మాంసం కొట్టి ఇస్తున్న హ్రుష్కా.

ఇరవై రెండేళ్లుగా అన్నాచెల్లెళ్లకి ఆ పొయ్యిలే లోకం. తెల్లారకముందే లేవడం, కట్టెలు మోయడం, పొగ మింగడం. ఒళ్లు హూనమైపోయింది. ఆదివారం మధ్యాహ్నం హాయిగా కూర్చుని తిన్న రోజు ఇద్దరికీ గుర్తులేదు.

"అయ్యో, పచ్చి కట్టె వేస్తున్నావేంటి? చేదెక్కదూ?"

"మంట ఆరిపోతోందే! ముందు నీ సంగతి చూసుకో. మాంసానికి అప్పుడే కాగితం చుట్టేశావు, పొగ తగలకుండా పైన నల్లపొర ఎలా కడుతుందట?"

"నాకు తెలుసులే."

"నాన్న పేరు నిలబెట్టాలి చెల్లీ."

"ఎవరో ఒకరు నిలబెట్టాలి కదా," అని నిట్టూర్చింది యులాలియా.

చర్చిలో ప్రార్థన ముగించుకుని హ్రుష్కా వచ్చాడు. వెనకే సగం ఊరు దిగింది. ముక్క వేలి మీద వేస్తే తెగకుండా వంగాలి, కాస్త లాగితే విడిపోవాలి. నికనోర్ ముక్క అట్టలా బిర్రబిగుసుకుని నిలబడింది. హ్రుష్కా నోట్లో పెట్టుకుని తుపుక్కున ఉమ్మేశాడు.

"ఒరేయ్, ఇది మాంసమా, వేపాకా?"

తర్వాత యులాలియా వంతు. ఆమె పీచుకి అడ్డంగా కాకుండా పీచు వెంబడే కోసింది. హ్రుష్కా నమిలాడు, నమిలాడు, దవడ పట్టుకున్నాడు.

"ఇన్నేళ్లు చేసి ఇదేం కోతే తల్లీ! దుకాణం పోతుందేమోనన్న భయంతో చేతులు తడబడ్డాయి, పాపం ఇద్దరికీ."

జనం జాలిగా తలలూపారు.

"వాడిది మింగుడుపడదు. నీది ఎలాగో మింగొచ్చు," అని హ్రుష్కా తేల్చేశాడు. "దుకాణం యులాలియాది!"

చప్పట్లు మోగాయి. యులాలియా మొహం కప్పుకుని భోరుమంది. ఆనందం పట్టలేకపోతోంది పిచ్చిపిల్ల, అనుకున్నారంతా.

నికనోర్ చెల్లెల్ని దగ్గరికి తీసుకున్నాడు. "ఊరుకోవే, గెలిచావుగా!"

ఆమె వెక్కుతూ అతని చెవిలో అంది: "ఓడిపోదామని నేనూ శతవిధాలా చూశాను అన్నయ్యా."