ఊఁ కొట్టని జ్యూరరు

గోంగూర తుంచే చేతికి వినే చెవీ, వినే చెవికి ఊఁ కొట్టే నోరూ తోడుండవలెననుట అనాదిధర్మం. ఆ ధర్మాన్ని ఆలస్యంగానైనా గ్రహించిన న్యాయస్థానం, జ్యూరర్ల అమూల్యకాలం వృథా కారాదని విచారణలను వంటిళ్లకే పంపసాగింది. వాదన చెవిలో వినిపిస్తుంది. జ్యూరరు "ఊఁ" అంటే నేరం రుజువైందని ఒప్పుకున్నట్టు. పన్నెండుమందీ ఊఁ అంటే ముద్దాయికి జైలు.

ఆటో నడిపే సైదులు గొలుసు తెంచాడని నాటి అభియోగం. తెనాలి జ్యూరరు వకుళమ్మ పెదవులు బిగించి వింటోంది.

భర్త రాఘవయ్య గోడమీది కోర్టు తెరలో ఊఁల లెక్క చూశాడు. "పదకొండుమంది ఊఁ అనేశారంటే! నీకొక్కదానికేంటి పంతం? అవతల పప్పు మాడుతోంది."

"మాడనీండి. అంత చీకట్లో సాక్షికి మొహం ఎట్టా కనబడిందో చెప్పమనండి. ఆ కుర్రాడి బతుకండీ అది!"

ప్రశ్న కోర్టుకు చేరింది. సాక్షి ఓసారి వెన్నెలన్నాడు, ఓసారి వీధిదీపమన్నాడు. వకుళమ్మ గొంతు సవరించుకుని, "కాదు" అని శాసనంలా పలికింది. సైదులు ఇంటికి వెళ్లాడు.

పదకొండుగురు ధీమంతుల నిశ్చయాన్ని ఒంటరిగా ఎదిరించిన ఈ మహాఘట్టాన్ని అధికారులు శ్రద్ధగా పరిశీలించారు. ఆ పదకొండుమందీ ఊఁ అన్నది, విచారణ మొదలుకాకముందు "మాట వినబడుతోందా?" అని కోర్టువారు అడిగినప్పుడు.