గుమ్మంలో మిగిలిన జత

కేరళలోని అలప్పుళలో నేను పాతికేళ్లు కొబ్బరి పీచుచాపలు నేసిన మిల్లు ఇది. ఇప్పుడు మగ్గాల గదిలో బురద పోసి, పొగమంచు నింపి, కళ అంటున్నారు. నేను కాపలావాణ్ణి. చూడ్డానికొచ్చినవాళ్లు గుమ్మంలో చెప్పులు విడిచి లోపలికెళ్తారు. చెప్పులున్నాయంటే లోపల మనిషి ఉన్నట్టే.

ఆ రాత్రి తాళం వేయబోతుంటే ఒక జత మిగిలింది. తెగిన పట్టీని పీచుతాడుతో కట్టారు. మిల్లు నడిచిన రోజుల్లో మేమంతా అలాగే కట్టుకునేవాళ్లం.

"ఎవరయ్యా లోపల? నాకు కొంపా గోడూ లేవనుకున్నావా?"

నా చెప్పులు విడిచి లోపలికెళ్లాను. పొగమంచులో మూలమూలా వెతికాను. ఎవరూ లేరు.

బయటికొస్తే ఆ పాత జతే ఉంది. నావి లేవు.

జేబులో నా ఫోన్ మోగింది. మా ఆవిడ తంకమణి. హలో అన్నాను.

"ఎవరండీ మీరు? మా ఆయన ఫోన్ అక్కడే మరిచిపోయి ఇంటికొచ్చేశాడు. కాళ్లనిండా బురద, ఎంత కడిగినా పోవట్లేదు."